మా రోజుల్లో: ఎక్కడి నుంచి ఎంత ఎత్తు?

ఈ కాలం పిల్లకాయలకు స్క్రీను మీద అంకె ఒకటి కనిపిస్తే చాలు, అదే వేదం. ఆ అంకె ఎట్లా పుట్టింది, దేన్ని కొలిచి చెప్పింది, ఎక్కడి నుంచి లెక్క మొదలుపెట్టింది అని అడిగే ఓపిక ఒక్కరికీ లేదు. మా రోజుల్లో ఇవేవీ అడక్కుండా అంకె రాసుకొస్తే పుస్తకం తిరిగి మొహాన కొట్టేవాళ్లు. నా గొడవంతా దీని మీదే. ఎయిర్‌ఫోర్సులో ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టరుగా బతికినవాణ్ని. విమానం ఎత్తు చెప్పే ఆల్టీమీటర్లను విప్పి, తుడిచి, బిగించి, పరీక్ష పెట్టి పంపినవాణ్ని. ఎత్తు అనే మాటను ఎవరైనా తేలిగ్గా వాడితే నాకు ఊరుకోబుద్ధి కాదు.

మా ఊరు రాయచెర్లు, పావగడ తాలూకా. జిల్లా తుమకూరు, రాష్ట్రం కర్ణాటక, ఇంట్లో మాట తెలుగు. ఒకప్పుడు వానొస్తే శెనక్కాయ, రాకపోతే వలస. ఇప్పుడు ఎటు చూసినా సోలారు పలకలు. తిరుమణి, బళసముద్రం, క్యాతగానచెర్లు, వల్లూరు, మా రాయచెర్లు, ఈ ఐదూళ్ల పొలాలు కలిపి దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు లేచింది. 2018 మార్చిలో ప్రారంభం చేసినారు, 2019 ఆఖరుకు పూర్తయింది. రైతులు భూములు అమ్మలేదు, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల లెక్కన కౌలుకిచ్చినారు. దాని మంచిచెడ్డలు ఇంకోరోజు మాట్లాడుకుందాం. ఈరోజు నా మాట గాలి గురించి.

పలకల్లో ఏది వేడెక్కింది, ఏది చెడిపోయింది అని చూడ్డానికి కెమెరా కట్టిన డ్రోన్లు ఎగరేయడం సోలారు పార్కుల్లో ఇప్పుడు మామూలు పని. పొలాల్లో మందు కొట్టే డ్రోన్లూ వచ్చేసినాయి. మొన్న ఒక పిల్లోడు డ్రోన్ ఎగరేస్తా ఉంటే పక్కన పోయి నిలబడినా.

“ఎంత ఎత్తులో ఉందప్పా?”

“నూరు మీటర్లు తాతా.”

“ఎక్కడి నుంచి?”

“ఎక్కడి నుంచి అంటే? నూరు మీటర్లే. ఇదిగో, ఇక్కడ చూడు.”

మంచి పిల్లోడే, పనిమంతుడే. కానీ వాడికి నేర్పినవాళ్లు బటన్లు నేర్పినారు, గాలిని నేర్పలేదు. ఆ డ్రోన్ లోపల వాయుపీడనం కొలిచే చిన్న చిప్పు ఒకటుంటుంది. లేచేటప్పుడు ఉన్న పీడనాన్ని అది సున్నా అనుకుంటుంది. అక్కడి నుంచి పీడనం ఎంత తగ్గితే అంత పైకి వచ్చినానని లెక్క కడుతుంది. మాది గుట్టల సీమ. డ్రోన్ గుట్ట మీదికి పోయేసరికి కింద నేల అరవై మీటర్లు పైకొచ్చిందనుకో, స్క్రీను అప్పుడు కూడా నూరనే అంటుంది. నేలకూ డ్రోన్‌కూ మధ్య మిగిలింది నలభై. మనుషులుండే చోట, కరెంటు తీగలుండే చోట ఆ తేడా చిన్నది కాదు. 2021 డ్రోన్ నిబంధనల్లో గ్రీన్ జోన్ అంటే 120 మీటర్ల వరకు అని రాసినారు. ఆ 120 ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో తెలియనివాడు నిబంధన పాటించినానని ఎట్లా అనుకుంటాడు?

మేము బెంగళూరు జాలహళ్లిలో శిక్షణలో ఉన్నప్పుడు మొట్టమొదట తలకెక్కించిన మాట ఇది: ఆల్టీమీటరుకు ఎత్తు తెలియదు, గాలి బరువు తెలుసు. దాని కడుపులో ముడతలు ముడతలుగా తీర్చిన పల్చటి లోహపు డబ్బా ఉంటుంది. లోపలి గాలి తోడేసి మూతి మూసేసి ఉంటారు. చుట్టూ ఉన్న గాలి ఒత్తితే అది అణుగుతుంది, ఒత్తిడి తగ్గితే ఉబ్బుతుంది. ఆ ఉబ్బు వెంట్రుకవాసి. దాన్ని లీవర్లు, పళ్ల చక్రాలు పట్టుకుని పెద్దది చేసి ముల్లును తిప్పుతాయి. పైలట్ కంటికి కనిపించే వేల అడుగులన్నీ ఆ వెంట్రుకవాసిలోంచి వచ్చినవే.

పరీక్ష బల్ల మీద పని ఎట్లా జరిగేదో చెప్తా. గాలి బయటికి పోకుండా మూసిన గాజు గదిలో ఆల్టీమీటరును పెట్టి, పంపుతో లోపలి గాలిని తోడుకుంటూ పోవాలి. పక్కనే పాదరసం గొట్టం. పాదరసం మనకు కావలసిన గీత దగ్గరకు రాగానే పంపు ఆపాలి. గాజు మీద వేలితో మెల్లగా తట్టాలి, అప్పుడు ముల్లు ఎక్కడ నిలిచిందో చదవాలి. తట్టకముందు ఒక అంకె, తట్టినాక ఇంకొకటి. ఆ తేడాను కూడా రాయాలి, అది లోపలి రాపిడి లెక్క. ఎక్కేటప్పుడు ఒక వరస అంకెలు, దిగేటప్పుడు ఒక వరస. ఉబ్బిన లోహం వెంటనే పాత ఆకారానికి రాదు, కాబట్టి దిగేటప్పటి అంకె ఎక్కేటప్పటి అంకెతో అచ్చంగా కలవదు. ఎంత కలవడం లేదో అదీ రాయాలి. తర్వాత గొట్టాల్లో ఎక్కడైనా గాలి కారుతోందా అని ఒక పరీక్ష. ఆ కాగితం నిండితే గాని సంతకం లేదు, సంతకం పడితే గాని అది విమానం ఎక్కదు. ఒక మీటరు నిజం చెప్తోందని ఒప్పుకోవడానికి అంత తతంగం. ఇప్పుడు ఫోను కొని పెట్టె విప్పినవాడు నిమిషంలో దాన్ని నమ్మేస్తున్నాడు.

ఇంకో కష్టం ఉండేది, అదీ మేలే చేసింది. అప్పట్లో మన ఎయిర్‌ఫోర్సులో మూడు దేశాల విమానాలు కలిసి ఉండేవి. హంటర్, కాన్‌బెరా ఇంగ్లండువి. డకోటా, ప్యాకెట్ అమెరికావి. మిగ్-21, ఏఎన్-12 రష్యావి. ఇంగ్లండువాళ్లు పీడనాన్ని మిల్లీబార్లలో చెప్తారు, అమెరికావాళ్లు పాదరసం అంగుళాల్లో, రష్యావాళ్లు పాదరసం మిల్లీమీటర్లలో. 1013.25 మిల్లీబార్లు, 29.92 అంగుళాలు, 760 మిల్లీమీటర్లు, మూడూ ఒకటే గాలి. ఒక దాంట్లో అడిగితే ఇంకో దాంట్లో చెప్పగలగాలి, అదీ కాగితం లేకుండా. ఇప్పుడు మిల్లీబారును హెక్టోపాస్కల్ అంటున్నారు. పేరు మారింది, విలువ అదే. కానీ ఈ పేరు చెప్పి ‘అంటే ఎంత?’ అని అడిగితే సైన్సు చదివిన పిల్లలే దిక్కులు చూస్తున్నారు.

ఎంతో నేను చెప్తా. నేలకు దగ్గరగా ఉన్నప్పుడు 27 నుంచి 30 అడుగులు పైకి పోతే ఒక మిల్లీబారు తగ్గుతుంది. మూడంతస్తుల మేడ ఎక్కితే ఒక్క మిల్లీబారు. 18,000 అడుగులు ఎక్కేసరికి సగం గాలి కాళ్ల కిందికి పోతుంది. ఇదంతా ఒక ఒప్పందపు గాలి మీద కట్టిన లెక్క. సముద్ర మట్టం దగ్గర 1013.25 మిల్లీబార్లు, 15 డిగ్రీల వేడి, పైకి పోయే కొద్దీ వెయ్యి అడుగులకు దాదాపు రెండు డిగ్రీల చొప్పున చల్లదనం. ప్రపంచంలోని ఆల్టీమీటర్లన్నీ ఈ గాలిని నమ్ముకునే గీతలు గీసుకున్నాయి. అసలు గాలి మాత్రం రోజుకొక తీరు.

అందుకే మీటరు మొహం మీద చిన్న కిటికీ, పక్కన తిప్పే నాబ్ పెట్టినారు. జర్మనీ నుంచి అమెరికాకు పోయి స్థిరపడిన పాల్ కోల్స్‌మన్ 1928లో తయారుచేసిన ఆల్టీమీటరుతో ఇది పేరుకెక్కింది. 1929 సెప్టెంబరు 24న పైలట్ జిమ్మీ డూలిటిల్ బయటేమీ కనిపించకుండా మూసేసిన కాక్‌పిట్‌లో కూర్చుని, మీటర్లను మాత్రమే చూసుకుంటూ లేచి, తిరిగి, దిగినప్పుడు ఆయన ముందున్నది ఆ మీటరే. కిటికీలో ఆ చోటి, ఆ వేళటి పీడనం పెడితేనే ముల్లు నిజం చెప్తుంది. సముద్ర మట్టానికి సరిచేసిన పీడనం పెడితే సముద్రం నుంచి ఎత్తు చెప్తుంది, దాన్ని క్యూఎన్‌హెచ్ అంటారు. రన్‌వే దగ్గరి పీడనమే పెడితే రన్‌వే నుంచి ఎత్తు చెప్తుంది, అది క్యూఎఫ్‌ఈ. ఆ డ్రోన్ పిల్లోడి నూరు మీటర్లు ఈ రెండో రకం. బాగా పైకి పోయినాక అందరూ 1013 పెట్టుకుంటారు. అసలు ఎత్తు కొంచెం అటూఇటూ అయినా అందరి తప్పూ ఒకటే కాబట్టి ఒకరినొకరు గుద్దుకోరు. మన దేశంలో 2003 నవంబరు నుంచి 29,000 అడుగుల పైన విమానాల మధ్య ఎడం 2,000 అడుగుల నుంచి వెయ్యికి తగ్గించగలిగినారంటే, అందరి మీటర్లూ ఒకే లెక్కన ఎత్తు చెప్తాయనే నమ్మకం మీదే.

పీడనం రోజూ ఎట్లా కదులుతుందో మాకు కంఠతా వచ్చేది. మన ఉష్ణ దేశాల్లో ఉదయం పదింటి దగ్గర, రాత్రి పదింటి దగ్గర పీడనం ఎక్కువ. తెల్లవారుజామున నాలుగు దగ్గర, సాయంత్రం నాలుగు దగ్గర తక్కువ. ఉదయానికీ సాయంత్రానికీ తేడా మూడు నాలుగు మిల్లీబార్లు. తాళ్లతో కట్టేసిన విమానంలో ఉదయం పదింటికి ఆల్టీమీటరు సరిచేసి వదిలేస్తే, సాయంత్రం నాలుగింటికి అది వంద అడుగులు పైకి పోయినట్టు చూపిస్తుంది. చక్రం కదల్లేదు, ఎత్తు మారింది! తుపాను వస్తే ఇంకా ఘోరం. 2014 అక్టోబరు 12న విశాఖను దెబ్బతీసిన హుద్‌హుద్ కన్నులో పీడనం 950 మిల్లీబార్ల దాకా పడిందని వాతావరణ శాఖ లెక్క. మామూలు రోజు 1013 పెట్టి వదిలేసిన ఆల్టీమీటరును ఆ కన్నులో పెడితే, సముద్రం ఒడ్డున కూర్చున్నా 1,700 అడుగుల పైన ఉన్నానని చెప్తుంది. ఎక్కువ పీడనం ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకు పోయేవాడు నాబ్ తిప్పకపోతే, మీటరు చెప్పే దానికంటే కిందే ఉంటాడు. ఈ సూత్రం తెలియక కొండలకు తగిలినవాళ్ల కథలు వింటూ మేము పెరిగినాం.

పీడనానికైనా నాబ్ ఉంది. వేడికి, చలికి అదీ లేదు. చల్లగాలి చిక్కన, కుదించుకుని ఉంటుంది. కాబట్టి చలిలో మీటరు చెప్పే ఎత్తు కంటే విమానం అసలు ఎత్తు తక్కువ. పది డిగ్రీల తేడాకు నూటికి నాలుగు వంతులు అని మా బండ లెక్క. లద్దాఖ్‌లోని లేహ్ విమానాశ్రయం 10,682 అడుగుల మీద ఉంది. ఒప్పందపు గాలి ప్రకారం అక్కడ మైనస్ 6 డిగ్రీలుండాలి. చలికాలం ఉదయం మైనస్ 20 ఉందనుకోండి. విమానాశ్రయానికి 4,000 అడుగుల పైన ఉన్నావని మీటరు చెప్తుంటే, పైలట్ నిజంగా అంతకంటే 200 అడుగులకు పైగా కిందున్నాడు. చుట్టూ కొండలు. ఆ 200 అడుగులే ప్రాణం.

చలి మీటరును మోసం చేస్తే, ఎండ విమానం బలాన్నే తినేస్తుంది. ఇది నేను మా ఊరి లెక్కతోనే చెప్తా. మాది సముద్ర మట్టానికి రెండు వేల అడుగుల పైచిలుకు. లెక్క సులభంగా ఉండటానికి రెండు వేలే అనుకుందాం. ఆ ఎత్తులో ఒప్పందపు గాలి 11 డిగ్రీలు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం 40 ఉంటే తేడా 29 డిగ్రీలు. డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలపాలి, దాదాపు 3,500. అంటే రాయచెర్లులో నిలబడిన విమానం తాను 5,500 అడుగుల మీద ఉన్నట్టే నడుచుకుంటుంది. దీన్నే డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు. గాలి పల్చబడితే రెక్కకు ఆసరా తగ్గుతుంది, ఫ్యాను కోసుకునే గాలి తగ్గుతుంది, ఇంజను పీల్చే గాలి తగ్గుతుంది. మూడు దెబ్బలూ ఒకేసారి. ప్రతి వెయ్యి అడుగులకూ నూటికి పది వంతులు రన్‌వే ఎక్కువ కావాలని చిన్న విమానాల వాళ్ల లెక్క. డ్రోన్‌కు కూడా ఇదే గతి. నాలుగు ఫ్యాన్లు ఇంకా గట్టిగా తిరగాలి, బ్యాటరీ ముందే అయిపోతుంది. ‘కంపెనీ చెప్పినంత సేపు ఎగరడం లేదు తాతా’ అని పిల్లోళ్లు కంపెనీని తిడతారు. కంపెనీ చెప్పింది ఏ గాలిలో అని అడిగేవాడేడీ?

ఆ మాటకొస్తే సోలారు పలకకూ అంతే. పలక మీద రాసిన వాట్లు 25 డిగ్రీల లెక్క. మా ఎండలో పలక దానికంటే ఎంతో వేడెక్కుతుంది, డిగ్రీ డిగ్రీకీ కొంచెం కొంచెం కరెంటు తగ్గుతుంది. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువొస్తుందని మా ఊళ్లో చదువుకున్నవాళ్లు కూడా అనుకుంటారు. వెలుగు వేరు, వేడి వేరు. ఐదూళ్లు కలిసి సూర్యుణ్ని కౌలుకిచ్చిన చోట ఈ సంగతి పిల్లలకు బడిలోనే తెలియాలి కదా!

ఎత్తు, వేడి, ఈ రెండింటితో మన వాళ్లు ఎంత పోరాడినారో తెలిస్తే ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోరు. 1948 మే 24న ఎయిర్ కమడోర్ మెహర్ సింగ్ డకోటాను లేహ్‌లో ఇసుక నేల మీద దింపినారు. పక్కన కొడగు బిడ్డ జనరల్ తిమ్మయ్య ఉన్నారు. 1962లో అదే లద్దాఖ్‌లో 16,600 అడుగుల మీదుండే దౌలత్ బేగ్ ఓల్డీలో ప్యాకెట్ విమానం దిగింది. రెండు ఇంజన్ల బలం ఆ గాలిలో చాలదని ప్యాకెట్ల వీపు మీద ఇంకో జెట్ ఇంజను కట్టినారు. 2008 మే 31న ఏఎన్-32, 2013 ఆగస్టు 20న సీ-130జే అదే చోట దిగినాయి. హెలికాప్టరు సంగతి ఇంకా కఠినం, అది గాలిని పట్టుకునే వేలాడాలి. మన హిమాలయాల కోసమనే ఫ్రాన్సువాళ్లు లామా హెలికాప్టరు చేసినారు. 1969లో అది అక్కడే 7,500 మీటర్ల ఎత్తున దిగి మళ్లీ లేచింది. దాన్నే బెంగళూరులో హెచ్‌ఏఎల్ చీతా అని తయారుచేసింది.

మా జిల్లాకు కూడా ఇందులో వాటా వచ్చింది. గుబ్బి తాలూకాలో 615 ఎకరాల్లో హెచ్‌ఏఎల్ హెలికాప్టరు ఫ్యాక్టరీని 2023 ఫిబ్రవరి 6న ప్రారంభించినారు. అక్కడ చేయాలని పెట్టుకున్న లైట్ యుటిలిటీ హెలికాప్టరును 2019లో లేహ్‌కు, దౌలత్ బేగ్ ఓల్డీకి తీసుకుపోయి వేడిలో, ఎత్తులో పరీక్షించినారు. తుమకూరు పిల్లలు రేపు ఆ ఫ్యాక్టరీలో పనికి పోతారు. వాళ్లకు పల్చటి గాలి అంటే ఏమిటో ఎవరు చెప్తున్నారు?

ఇదంతా పాతకాలపు మాట, ఇప్పుడు కంప్యూటర్లు చూసుకుంటాయి అని నాతో వాదిస్తారు. కంప్యూటరు లెక్క చూసుకుంటుంది, గాలిని మార్చదు. 2024 జులై నెలాఖరులో లేహ్‌లో ఎండ 36 డిగ్రీల దాకా పోతే వరసగా కొన్ని రోజులు విమానాలు రద్దయినాయి. మైనస్ 6 ఉండాల్సిన చోట 36 అంటే 42 డిగ్రీల తేడా. నా లెక్కలో 10,700 అడుగుల ఎత్తున్న రన్‌వే 15,700 అడుగుల ఎత్తున్న రన్‌వే అయిపోయింది. గాలి సముద్రం ఒడ్డున ఉండే దాంట్లో మూడింట రెండు వంతులు కూడా లేదు. అట్లాంటి గాలిలో స్పీడు మీటరు ఎప్పటి అంకే చూపించినా చక్రాలు నేల మీద నాలుగో వంతుకు పైగా ఎక్కువ వేగంతో ఉరకాలి. రన్‌వే చాలదు. 2017 జూన్ 20న అమెరికాలో ఫీనిక్స్‌లోనూ ఎండ దెబ్బకు పదుల విమానాలు ఆగిపోయినాయి. ముందు ముందు ఎండలు పెరిగే కాలం. మా రోజుల్లో లేహ్‌కు పొద్దున్నే పోయి మధ్యాహ్నానికి ముందే వెనక్కి రావాలనేది ఎందుకో హ్యాంగరు ఊడ్చేవాడికీ తెలుసు. ఇప్పుడు టికెట్టు రద్దయిన ప్రయాణికుడు కౌంటరు దగ్గర అరుస్తున్నాడు, ‘ఆకాశం నిర్మలంగా ఉంది, ఎందుకు ఎగరదు?’ అని. నిర్మలంగా ఉండటం వేరు, చిక్కగా ఉండటం వేరు.

మా రోజుల మీటర్లన్నీ బంగారమని నేను అనను. మూడు ముళ్ల పాత ఆల్టీమీటరును చదవడం కష్టం. 1958లో బ్రిటన్‌లో ఒకే ఏడాది రెండు పెద్ద విమానాలు, ఏప్రిల్‌లో ఒకటి, డిసెంబరులో ఒకటి, పదివేల అడుగుల ముల్లును తప్పుగా చదివి నేలను తాకినాయి. దాంతో ఆ మొహాన్నే మార్చినారు. అది సరైన పని. స్పష్టంగా కనిపించే అంకెలు కావాల్సిందే. నేను పోట్లాడేది అంకె స్పష్టమైనాక మనిషి ఆలోచన ఆపేయడం గురించి.

2022 మే 23న పారిస్‌లో జరిగింది చూడండి. మబ్బు, వాన. దిగుతున్న విమానానికి 1001 చెప్పాల్సిన చోట 1011 అని చెప్పినారు. ఉపగ్రహం దారి చూపిస్తోంది, ఎత్తుకు మాత్రం పీడనమే ఆధారం. పది మిల్లీబార్లు, 280 అడుగులు. రన్‌వే ఇంకా కిలోమీటరున్నర దూరం ఉండగానే ఆ విమానం నేలకు ఆరడుగుల దాకా దిగి, మళ్లీ పైకి లేచి బతికిపోయింది. ఆధునిక విమానం, అన్ని కంప్యూటర్లు, నోటి నుంచి జారిన ఒక అంకెను ఎవరూ పట్టుకోలేకపోయినారు. అంతకు ముందొచ్చిన వాతావరణ నివేదికలో ఎంతుంది, ఇప్పుడు ఎంతంటున్నారు, పది ఎందుకు పెరిగింది? మా పాత సార్జెంటు పక్కనుంటే ఆ మూడు ప్రశ్నలు అడిగి గాని నాబ్ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

1996 అక్టోబరు 2న పెరూ దేశంలో లీమా నుంచి రాత్రిపూట లేచిన విమానం కథ విన్నప్పుడు ఫిట్టరుగా నా రక్తం చల్లబడింది. విమానం కడిగేటప్పుడు పీడనం లోపలికి పోయే రంధ్రాలకు టేపు అంటించినారు, తీయడం మరిచినారు. తనిఖీ చేయాల్సినవాళ్లకూ కనిపించలేదు. సముద్రం మీద చీకట్లో ఆల్టీమీటరు తొమ్మిది వేల అడుగులకు పైగా చూపిస్తూ ఉండగానే విమానం నీళ్లను తాకింది. డెబ్బైమంది పోయినారు. మా దగ్గర ఆ రంధ్రాలకు పెట్టే మూతలకు ఎర్ర గుడ్డ వేలాడుతూ ఉండేది, తీసి లెక్కపెట్టి చూపిస్తేనే విమానం కదిలేది. ఎర్ర గుడ్డ ఎందుకని ఒక్క కొత్త కుర్రాడూ ఎగతాళి చేయలేదు. అదే ఏడాది నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు గాల్లో ఢీకొని 349 మంది పోయినారు. 15,000 అడుగుల్లో ఉండాల్సిన విమానం ఆ ఎత్తు నిలుపుకోలేదు. ఎత్తు అంటే అంత బాధ్యత.

ఇప్పుడు ఫోనుల సంగతి. మా ఊరు ఎంత ఎత్తులో ఉందని పిల్లల్ని అడిగినా. ముగ్గురు మూడు ఫోనులు తీసినారు, మూడు జవాబులు. ఎవరిది నిజమని వాళ్లలో వాళ్లే పోట్లాడుకున్నారు. ఏ ఫోను ఏ సున్నా నుంచి కొలుస్తోందని మాత్రం అడగలేదు. ఉపగ్రహాలు భూమిని నున్నటి గుండ్రని లెక్కగా ఊహించుకుని దాని నుంచి ఎత్తు కొలుస్తాయి. అసలు సముద్ర మట్టం భూమి ఆకర్షణను బట్టి ఎగుడుదిగుడుగా ఉంటుంది. మన దక్షిణ దేశంలో చాలాచోట్ల ఆ ఊహా గీతకు సముద్ర మట్టం 80 మీటర్లకు పైగా కిందుంది. శ్రీలంకకు దక్షిణాన అయితే నూరు మీటర్లు దాటుతుంది, ప్రపంచంలోకెల్లా పెద్ద పల్లం అది. ఆ తేడాను సరిచేసిన ఫోను ఒకటి చెప్తుంది, సరిచేయనిది ఇంకొకటి, పీడనం చిప్పు మీద ఆధారపడినది మూడోది. మూడూ అబద్ధాలు కావు. మూడింటికీ మూడు పునాదులు.

నేను యంత్రాలు వద్దనడం లేదు. పాదరసం గొట్టాలు మళ్లీ తెమ్మనడం లేదు, పాదరసం విషం. నాకు కావాల్సింది చిన్నది. పావగడ తాలూకాలో ప్రతి హైస్కూలు గోడకూ ఒక బారోమీటరు, ఒక థర్మామీటరు, పక్కన ఒక నోటుపుస్తకం ఉండాలి. ఉదయం పదింటికి ఒక పిల్ల, సాయంత్రం బడి వదిలేటప్పుడు ఇంకో పిల్ల అంకె రాయాలి. సోలారు పార్కులో వాతావరణం కొలిచే పరికరాలు ఉంటాయి, ఏడాదికొకసారి పిల్లల్ని అక్కడికి తీసుకుపోయి తమ నోటుపుస్తకంలోని అంకెను వాటి అంకెతో సరిచూడనివ్వాలి. తేడా వస్తే ఎందుకొచ్చిందో వాళ్లే కనుక్కోవాలి. డ్రోన్ శిక్షణ ఇచ్చేవాళ్లు మొదటి రోజు బటన్లు పక్కనపెట్టి, బారోమీటరును కింది నుంచి మేడ మీదికి మోయించి ముల్లు కదలడం చూపించాలి. గుబ్బి ఫ్యాక్టరీకి పోవాలనుకునే పిల్లలకు లేహ్ లెక్కను మన ఎండతో చేయించాలి.

గోడకు తగిలించే బారోమీటరు ఖరీదైన వస్తువేం కాదు. మంచి ఫోనుకు పెట్టే డబ్బులో నాలుగో వంతు కూడా అక్కర్లేదు. పంచాయితీవాళ్లు, బడి కమిటీవాళ్లు, ఊళ్లో కౌలు డబ్బు తీసుకునే పెద్దమనుషులు కూర్చుని మాట్లాడుకుంటే ఒక పూటలో తేలే పని. గోడకు బిగించడం, సరిచేయడం, పిల్లలకు చదవడం నేర్పడం నేను చేస్తా, కూలి అక్కర్లేదు. ఎండాకాలం సెలవులు ముగిసి బడి తెరిచే నాటికి అది గోడ మీద ఉండాలి.